వేములవాడకు వీపు తిప్పిన సీటు

ఇచ్చోడ,
నవంబరు 3.

గౌరవనీయులైన 'నిశ్చింత' పిల్లల సామాన్ల దుకాణం సారు గారికి,

ఇచ్చోడ నుంచి తిరుమల నమస్కరించి రాయునది. ముందుగా నా చేతిరాతను, తప్పులను మన్నించండి. నేను సిరిసిల్లలో ఏడో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత రాసినవన్నీ కిరాణా చీటీలే. డబ్బా మీద మీ ఫోన్ నంబరు కూడా ఉంది. కానీ ముఖం తెలియని వాళ్ళతో నేను మాట్లాడను. అందుకే ఉత్తరం.

సారూ, మా ఇంటికి మీ సీటు వచ్చింది. మా ఆయన పికప్ బండి నడుపుతాడు. నిర్మల్‌లో ఒక డాక్టరమ్మ ఇల్లు మారుతుంటే సామాను చేరవేశాడు. ఆమె చెల్లెలూ అక్కా ఇద్దరూ ఒకే రకం సీటు పంపారట, ఒకటి డబ్బా కూడా విప్పకుండా మా బాబుకు ఇచ్చింది. నీలి రంగు, లోపల మెత్త, భుజాలకు రెండు పట్టీలు, కాళ్ళ నడుమ ఒక పట్టీ. పొద్దున లేవగానే ముందు బాబును చూస్తాను, తర్వాత సీటును చూస్తాను. ఇంత సంబరం నాకు పెళ్ళప్పుడు కూడా లేదు. (ఇది మా ఆయనకు తెలియవద్దు.)

బాబుకు పదో నెల. కార్తీకం ఆఖరి సోమవారం వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాలి. ఇక్కడి నుంచి నిర్మల్ ఘాట్ దిగి పోవాలి, నాలుగు గంటల దారి. ఆ దారంతా బాబును ఈ సీటులోనే తీసుకుపోవాలని నా పంతం. కానీ మా బండి పదిహేడేళ్ళ పాతది. ముందు ఒకటే పొడుగు సీటు, డ్రైవరు కాక ఇద్దరు పడతారు. డబ్బా మీద బొమ్మలో ఉన్న కారు మాత్రం పెళ్ళికొడుకు కారులా మెరుస్తోంది. మా పాత బండిలో కూడా దీన్ని కట్టవచ్చా? ఎట్లా కట్టాలి?

మా అత్త చంద్రవ్వ సీటును దేవుని గూటి పక్కన పెట్టి పసుపు, కుంకుమ పెట్టింది. వేములవాడ పోయే దాకా ఎవరూ ముట్టవద్దని చెప్పింది.

ఇట్లు,
తిరుమల.

చదివిన వెంటనే ఈ ఉత్తరం కాల్చేయండి. దుకాణానికి ఉత్తరం రాశానని తెలిస్తే ఇంట్లో నవ్వుతారు.

తా.క.: అత్త సీటుకు నిమ్మకాయ కూడా కట్టింది. దానివల్ల గ్యారంటీ పోతుందా?


కరీంనగర్,
నవంబరు 8.
ఫైలు నం. 47 (ఇచ్చోడ)

శ్రీమతి తిరుమల గారికి,

తమ ఉత్తరం అందినది. ముప్పై రెండేళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేసి, పదవీ విరమణ పిమ్మట ఈ దుకాణం పెట్టిన నేను, ఏ ఉత్తరానికైనా మూడు రోజులలో జవాబు ఇచ్చుట నియమముగా పెట్టుకున్నాను.

తమ ఉత్తరం కాల్చుటకు వీలుపడదు. దుకాణంలో నిప్పు వెలిగించరాదని అగ్నిమాపక శాఖ వారి షరతు. పైగా వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ నంబరు వేసి ఏడేళ్ళు భద్రపరచుట మా పద్ధతి.

నిమ్మకాయ విషయం: గ్యారంటీ కాగితంలో నిమ్మకాయ ప్రస్తావన లేదు. కావున అభ్యంతరం లేదని భావించవచ్చును. అయితే సీటును దేవుని గూటి పక్కన ఉంచినంత కాలం అది ఎవరినీ కాపాడజాలదని గమనించగలరు.

పాత పికప్ బండిలో సీటు నిరభ్యంతరంగా కట్టవచ్చును. అయితే ముందు నాకు కొన్ని సంగతులు తెలియాలి. బిడ్డ బరువు ఎన్ని కిలోలు? కిటికీ పక్క కూర్చునేవారికి బెల్టు ఉన్నదా, ఉంటే ఎక్కడ ఉన్నది? ఎదుట ఎయిర్ బ్యాగ్ ఉన్నదా? ఎయిర్ బ్యాగ్ ఉన్నచోట వెనక్కి తిప్పిన సీటు ఎన్నటికీ పెట్టరాదు. ముఖ్యంగా బరువు. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే ఫైలు ముందుకు కదలదు.

ఇట్లు,
భవదీయుడు,
మధుసూదన్‌రావు,
యజమాని.

తా.క.: దుకాణానికి వచ్చే ఉత్తరాలన్నీ ముందుగా నా భార్య మనోరమ తెరచి, చదివి, నంబరు వేసి నా బల్ల మీద పెడుతుంది. ఆమె తెలుగు పంతులమ్మగా పనిచేసినది. తమ ఉత్తరంలో తప్పులు రెండే ఉన్నవని తెలుపమన్నది. ఈ జవాబులో ఇప్పటికి నాలుగు పట్టుకున్నది.


ఇచ్చోడ,
నవంబరు 13.

సారు గారికి, మనోరమమ్మ గారికి,

తిరుమల నమస్కారాలు. నా రాత ఇంకా అట్లాగే ఉంది, ఏమీ అనుకోకండి. మీ జవాబు మూడుసార్లు చదివాను. నా పేరు ముందు 'శ్రీమతి' అని పెట్టి ఉత్తరం రావడం నా జన్మలో ఇదే మొదటిసారి.

సారూ, బరువు మాత్రం చెప్పలేను. బాబు నెల తక్కువగా పుట్టాడు. దవాఖానాలో తూచినప్పుడు రెండు కిలోలు కూడా లేడు. ఆ కాగితం చూసి మా అత్త అక్కడే వేములవాడ రాజన్నకు మొక్కింది, పిల్లగాడు బతికి బట్టకడితే వాని ఎత్తు బెల్లం ఇస్తానని, అప్పటిదాకా వాణ్ణి ఏ త్రాసు మీదా పెట్టనని. అంగన్‌వాడీ టీచరు తూకం పట్టుకొని వస్తే బాబును కొంగు కింద దాచి "పండిండు, మళ్ళ రా" అంటుంది. పది నెలల నుంచి బాబు నిద్రపోతూనే ఉన్నాడు. టీచరు పుస్తకంలో కూడా ఆ గడి ఖాళీయే.

అంటే వేములవాడ పోతే గాని బరువు తెలియదు. బరువు తెలిస్తే గాని మీరు సీటు కట్టనివ్వరు. సీటు కట్టనిదే నేను వేములవాడకు పోను. మీరే దారి చెప్పాలి. నేను ఎత్తుకున్నంత వరకు చెప్పాలంటే మా రుబ్బురోలు పొత్రం కంటే తక్కువ, రెండు నెలల మేకపిల్ల కంటే ఎక్కువ.

బెల్టు సంగతి. బండిలో బెల్టు లేదు. ఎక్కడుందని అడిగారు కనుక చెబుతున్నాను, మా అత్త మంచంలో ఉంది. మూడేళ్ళ కింద మా ఆయన సీటు గుడ్డ మార్పించినప్పుడు బెల్టులు ఊడదీసి పక్కన పడేశాడు. మాది సాలెవాళ్ళ ఇల్లు. మా మామ పర్శరాములు సిరిసిల్లలో ఇరవై ఏళ్ళు మరమగ్గం నడిపాడు. ఆ పట్టీని వేళ్ళతో సాగదీసి, వెలుగుకు పెట్టి చూసి, "ఏం నేత నేసిండే, పోగు పోగుకు పానముంది. గిసొంటి దాన్ని బండ్ల పడేస్తరా" అన్నాడట. మా అత్త మంచం నవారు అల్లుతూ నడుమ ఆ పట్టీలు కలిపేసింది. ఆ మంచం మూడేళ్ళ నుంచి ఇంచు కూడా సాగలేదు.

ఇప్పుడు మా మామ ఏమంటున్నాడంటే, మంచం విప్పే పని లేదు, కొత్త పట్టీ తానే నేస్తానని. రంగు ఏది కావాలో మిమ్మల్ని అడగమన్నాడు. (మీకు రాస్తున్నానని మామకు ఒక్కడికే తెలుసు.)

ఎయిర్ బ్యాగ్ లేదు. మా బండిలో హారను కూడా తలుపు గట్టిగా వేస్తేనే మోగుతుంది.

ఇట్లు,
తిరుమల.

ఏడేళ్ళు దాచినా సరే, ఎనిమిదో ఏడు మాత్రం తప్పకుండా కాల్చండి.

తా.క.: నిమ్మకాయ ఎండిపోయింది. అత్త కొత్తది కట్టింది.


కరీంనగర్,
నవంబరు 17.
ఫైలు నం. 47 (ఇచ్చోడ)

శ్రీమతి తిరుమల గారికి,

తమ రెండో ఉత్తరం అందినది.

ఒకటి స్పష్టం చేయవలసి ఉన్నది. మంచంలోని బెల్టు తిరిగి వాడరాదు. మూడేళ్ళు మనిషి బరువు మోసిన పట్టీ చూపుకు బాగున్నా నమ్మరాదు. తమ మామగారి పనితనం మీద నాకు అపార గౌరవం ఉన్నది, కానీ ఇంట్లో నేసిన పట్టీ ఏ రంగుదైనా వాడరాదు. బండి కంపెనీ బెల్టు కొత్తది తెప్పించి, బండి ఉక్కు చట్రానికే బోల్టుతో బిగించాలి. రేకుకు బిగిస్తే కుదుపులో రేకుతో సహా ఊడివస్తుంది. మధ్యన కూర్చునే వారికి కూడా నడుం బెల్టు వేయించండి.

పిదప సీటును కిటికీ పక్కన, బిడ్డ ముఖం వెనుకకు ఉండునట్లు పెట్టాలి. బెల్టును సీటు మీద గుర్తు ఉన్న దారిలోంచి తీసి, సీటు మీద మోకాలు ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కుతూ లాగి బిగించాలి. పాత బండ్ల బెల్టు కుదుపు వస్తే తప్ప పట్టుకోదు. మనిషికి అది చాలును, సీటుకు చాలదు. సీటు ముందునుంచే బిగుతుగా ఉండాలి. అందుకే డబ్బా అడుగున నిచ్చెనమెట్టు ఆకారంలో ఒక ఇనుప క్లిప్పు ఇచ్చాము. దాన్ని బెల్టు నాలుకకు, అనగా గూటిలో గుచ్చే ఇనుప ముక్కకు, దగ్గరగా పట్టీ రెండు వరసలకూ కలిపి తొడగాలి. తర్వాత సీటును పట్టి ఊపితే అంగుళం మించి కదలరాదు.

బరువు విషయం: పొత్రం బరువు కిలోలలో తెలుపగలరు. మేకపిల్లది కూడా.

ఇట్లు,
భవదీయుడు,
మధుసూదన్‌రావు.

తా.క.: మా దుకాణం బండి కూడా తమ బండి వంటి పాత పికప్పే. నాలుగేళ్ళ మనవరాలు సృజనను అందులో నాలుగు అడుగుల దూరమైనా సీటులో బిగించకుండా తీసుకుపోనని మనోరమకు మాట ఇచ్చి ఉన్నాను. నియమమనగా అట్లుండవలెను.


ఇచ్చోడ,
నవంబరు 22.

సారు గారికి, మనోరమమ్మ గారికి,

తిరుమల నమస్కారాలు. ఈసారి అక్షరాలు వంకర పోతే అది నా చదువు తప్పు కాదు. సంతోషం కొంత, భయం కొంత.

సంతోషం ముందు రాస్తాను. మా ఆయన కొత్త బెల్టులు తెచ్చాడు. నిర్మల్‌లో మెకానిక్ హనుమండ్లు వాటిని ఉక్కు చట్రానికే బిగించాడు. రేకుకు బిగించవద్దని నేను చెప్పాను. నేనే, నా నోటితోనే, తల మీద కొంగు సర్దుకొని చెప్పాను. హనుమండ్లు నన్ను చూసి మా ఆయనను అడిగాడట, మీ ఇంటామె ఏ కాలేజీల చదివిందని.

ఇక భయం. అత్త ఒప్పుకోవడం లేదు. వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలని మామ చెప్పగానే మంచం మీది నుంచి లేచి నిలబడింది. "పుట్టెంటికలు తీయించుటానికి పోతున్నమా, దేవునితోటి కొట్లాటకు పోతున్నమా? రాజన్న తాన్కి ఈపు వెట్టి పోతడా నా మనుమడు?" అన్నది. మోకాలు ఆనించే సంగతి విన్నాక ఇంకా కోపం. పసుపు కుంకుమ పెట్టిన దాని మీద మోకాలు పెడతారా అని.

అసలు సంగతి వేరే ఉందని నాకు తెలుసు. ముందు సీటులో కిటికీ పక్క జాగా మూడేళ్ళ నుంచి అత్తది. బాబు సీటు పెడితే ఆ జాగా పోతుంది. పైకి అనదు, కానీ ఒక రోజు బండిలో ఎక్కి ఊరికే కూర్చొని, చేయి కిటికీ మీద పెట్టుకొని చాలాసేపు దిగలేదు. మీరు చెప్పిన క్లిప్పు కూడా ఆమె దగ్గరే ఉంది. డబ్బా విప్పినప్పుడు తీసుకొని తాళాల గుత్తికి తొడిగింది. నడుముకు పెట్టుకొని తిరుగుతోంది. అడగడానికి నాకు నోరు రాదు.

"ఐదుగురిని ఒళ్ళె వెట్టుకొనే సాదిన. నా చేతుల కన్న పట్టీలు గట్టియా?" అంటుంది. నేను తల వంచుకొని ఊరుకుంటాను. ఎందుకు ఊరుకుంటానో మీకు రాస్తున్నాను. ఇది మా ఆయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పోయిన వానాకాలం ఘాట్ దిగుతుంటే లారీ అడ్డం వచ్చింది. మా ఆయన బ్రేకు వేశాడు. బాబు నా ఒళ్ళో ఉన్నాడు. రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను సారూ. నిజంగా గట్టిగా. కళ్ళు తెరిచి చూస్తే నా చేతులు ఉన్నాయి, బాబు లేడు. నా కాళ్ళ కింద, గేరు పక్కన పడి ఉన్నాడు. ఒక క్షణం ఏడవలేదు. ఆ క్షణం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత ఏడ్చాడు. నుదుటి మీద బొప్పి తప్ప ఏమీ కాలేదు. ఇంట్లో మంచం మీది నుంచి పడ్డాడని చెప్పాము. అత్త ఆ రోజంతా మంచాన్ని తిట్టింది.

చేతులు చాలవని నాకు తెలుసు. కానీ నా చేతులలోంచి బిడ్డ జారిపోయాడని అత్తకు ఎట్లా చెప్పను?

ఇట్లు,
తిరుమల.

మిగతావి దాచుకోండి. ఈ ఒక్క ఉత్తరం మాత్రం కాల్చండి. ఏడేళ్ళు ఆగవద్దు.

తా.క.: పొత్రం బరువు తూచుదామంటే కిరాణా కొట్టు సాంబయ్య, త్రాసు మీద పొత్రం పెడితే త్రాసు పోతుందన్నాడు. మేకపిల్లను అమ్మేశారు.


కరీంనగర్,
నవంబరు 26.
ఫైలు నం. 47 (ఇచ్చోడ)

అమ్మా తిరుమలా,

ఉత్తరం అందింది. ఎన్నడూ లేనిది ఈసారి జవాబు రాయడానికి రెండు కాగితాలు చించాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. మీ ఉత్తరం చదివి మనోరమ సీటుతో ఇచ్చే మా పుస్తకంలో పద్నాలుగో పేజీ తీసి నా ముందు పెట్టింది. ఏడాది నిండని బిడ్డ, బరువు ఎంతైనా సరే, వెనక్కి తిరిగే కూర్చోవాలని అందులో ఉంది. మీ సీటు పదమూడు కిలోల దాకా మోస్తుంది. పది నెలల బిడ్డ అంత ఉండడు. అంటే మూడు వారాలుగా నేను అడుగుతున్న బరువు అసలు అవసరమే లేదు. గడి ఖాళీగా ఉండటం నాకు పడదు, అంతే. ముప్పై రెండేళ్ళ అలవాటు.

వెనక్కి ఎందుకంటే, బ్రేకు పడినప్పుడు బిడ్డ మెడ ముందుకు విసురుగా పోకుండా వీపు, తల, మెడ మొత్తం సీటు ఆపుకుంటుంది. రాజన్నకు వీపు పెట్టడం గురించి మా పుస్తకంలో ఏమీ లేదు. మీకే ఏదైనా తోచాలి.

ఒకటి చేయండి. బాబును కూర్చోబెట్టక ముందు అంత బరువున్న వస్తువేదైనా సీటులో కట్టి, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి చూడండి. మీ అత్తగారిని కూడా తీసుకుపోండి. చెబితే వినని వారు చూస్తే వింటారు.

ఇట్లు,
మధుసూదన్‌రావు.

తా.క.: తిరుమలా, నేను మనోరమను. ఆ ఉత్తరానికి నంబరు వేయలేదు. ఇంట్లో నా బీరువాలో చీరల కింద ఉంది. ఈయన ఫైలులో లేదు. నీ చేతులది తప్పు కాదు. ఎవరి చేతులైనా అంతే. అత్తకు చెప్పు.


ఇచ్చోడ,
డిసెంబరు 2.

సారు గారికి, మనోరమమ్మ గారికి,

నమస్కారాలు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, మన్నించండి, ఆగి రాసే ఓపిక లేదు. గెలిచాము సారూ.

సీటులో ఏం కట్టాలా అని ఆలోచిస్తుంటే మా మామకు తట్టింది. మొక్కు బెల్లం ఇంటికి వచ్చి ఉంది. బాబును కుడి చేత ఎత్తుకొని, ఎడమ చేత బెల్లం ముద్దలు ఎత్తుతూ దించుతూ, "చేతులు త్రాసు కాదు గదనే" అని అత్తను ఒప్పించి, రెండు ముద్దలు తీసి తువ్వాలలో కట్టాడు. పైముద్ద చిన్నది, కిందిముద్ద పెద్దది. అచ్చం బాబు కూర్చున్నట్టే. ఆ బెల్లాన్ని సీటులో పెట్టడానికి అత్త ఏమీ అనలేదు. బెల్లమూ దేవునిదే, సీటూ దేవుని గూటి పక్కదే కదా.

సీటు మాత్రం వెనక్కి తిప్పనివ్వలేదు. అప్పుడు నేను మాట్లాడాను. పెళ్ళయి మూడేళ్ళలో అత్తకు ఎదురుచెప్పడం ఇదే మొదలు. "గుళ్ళకెంచి ఎల్లేటప్పుడు దేవునికి ఈపు సూపకుండ ఎనకకు నడుస్తం గదత్తమ్మా. బాబు ఇల్లు చేరేదాంక గట్లనే వస్తడు" అన్నాను. అత్త నా వైపు తిరిగింది. "మరి పోయేటప్పుడో?" అన్నది. "పోయేటప్పుడు ఇంటి దేవునికి మొక్కుకుంట పోతడు" అన్నాను. మా మామ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

మోకాలి సంగతికి నేను కాళ్ళు కడుక్కొని, పసుపు రాసుకొని, అప్పుడు ఆనించాను. దానికీ సరే అన్నది. క్లిప్పు మామే అడిగి తీసుకున్నాడు.

అందరం ఊరి బయటి రోడ్డుకు పోయాము. బెల్లం కిటికీ పక్కన, అత్త నడుమ, మా ఆయన స్టీరింగు దగ్గర. నేను, మామ, బాబు రోడ్డు పక్కన నిలబడి చూశాము. మా ఆయన నడుం బెల్టు పెట్టుకొమ్మంటే అత్త "నన్నెందుకు కడ్తవురా రంజితూ, నేనేమన్న బర్రెనా" అన్నది. బెల్టు పెట్టుకోలేదు, తన చేతులే చాలని ఒళ్ళో పాలచెంబు పెట్టుకొని రెండు చేతులా పట్టుకుంది. బండి అంత దూరం పోయి తిరిగి వస్తోంది. నడక వేగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అప్పుడు నిజంగానే బర్రె అడ్డం వచ్చింది.

బ్రేకు చప్పుడు మాకు వినిపించింది. మేము పరిగెత్తే లోపల బండి ఆగి ఉంది. చెంబు అద్దానికి తగిలి సొట్టపోయింది. పాలన్నీ అత్త మీదే. ఆమె మోకాలు ముందు పలకకు తగిలింది, పెద్ద దెబ్బేమీ కాదు. ఆమె పాలు చూడలేదు, మోకాలు చూడలేదు. రెండు చేతులూ చాచి వాటినే చూసుకుంటోంది, చెంబు ఎట్లా పోయిందా అని. పక్కన బెల్లం కదలలేదు. పైముద్ద కూడా ఒరగలేదు.

అప్పుడే చెప్పేశాను. ఘాట్, లారీ, గేరు పక్కన బాబు, అన్నీ. బండి తలుపు పట్టుకొని నిలబడి ఏడుస్తూ చెప్పాను. అత్త తిడుతుందనుకున్నాను. తడి కొంగుతో నా మొహం తుడిచి, "గా దినమే చెప్తే గా దినమే మంచం ఇప్పుతుంటి గదనే" అన్నది.

వేములవాడకు ఆమె, మామ బస్సులో వస్తారట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఆ కార్డు కొంగుకు కట్టుకొని ఇప్పటి నుంచే తిరుగుతోంది. కిటికీ పక్క జాగా తన మనుమడికి తానే ఇచ్చిందని ఊరంతా చెబుతోంది.

ఇట్లు,
తిరుమల.

ఇందులో కాల్చవలసింది అత్తను బర్రె అన్న మాట ఒక్కటే. అది ఆమే అన్నది కనుక మీ ఇష్టం.

తా.క.: ఇంటికి వచ్చాక అత్త నిజంగానే మంచం విప్పేసింది. పట్టీలు బయట పడేసింది. ఇప్పుడు మామ, ఆమె ఇద్దరూ చాప మీద పడుకుంటున్నారు. కొత్త నవారు నేసే దాకా ఇంతే.


కరీంనగర్,
డిసెంబరు 6.
ఫైలు నం. 47 (ఇచ్చోడ)

అమ్మా తిరుమలా,

నీ ఉత్తరం మనోరమ పైకి చదివి వినిపించింది. దుకాణంలో ఉన్న ఇద్దరు కొనుగోలుదారులు కూడా కూర్చొని విన్నారు. బర్రె దగ్గర ఒకాయన లేచి నిలబడ్డాడు.

బయలుదేరే ముందు, మళ్ళీ దారిలో ఆగిన ప్రతిసారీ, సీటును ఊపి చూడండి. అంగుళం. మరువవద్దు. బాబు భుజాల పట్టీల కింద దుప్పటి, స్వెట్టరు పెట్టవద్దు. చలి వేస్తే పట్టీలు బిగించాక పైన కప్పండి.

సోమవారం మా దుకాణానికి సెలవు. మొక్కు తీరాక, వీలైతే, ఆ గడి నింపుటకు బరువు తెలుపగలరు. అవసరం లేదు. ఊరికే.

ఇట్లు,
మధుసూదన్‌రావు.

తా.క.: క్లిప్పు మరువవద్దు. మీ అత్తగారి తాళాలకు వేరే గుత్తి పోస్టులో పంపాను.


ఇచ్చోడ,
డిసెంబరు 13.

సారు గారికి,

తిరుమల నమస్కారాలు. నా రాత సంగతి మీకు తెలిసిందే, ఇక క్షమాపణ అడగను.

బాబు దారంతా సీటులోనే వచ్చాడు. ఘాట్ దిగేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే వాడు నన్నే చూస్తూ బొటనవేలు చీకుతున్నాడు. వెనక్కి తిప్పి కూర్చోబెడితే ఇదొక లాభం సారూ, పక్కన కూర్చున్న వాళ్ళ ముఖమే చూస్తూ ఉంటారు. ఇది కూడా మీ పుస్తకంలో రాయించండి.

వెంట్రుకలు తీయించాము. త్రాసులో ఒక పక్క బాబును పెట్టారు, ఒక పక్క బెల్లం పెడుతూ పోయారు. అత్త కళ్ళు మూసుకొని ఉంది. మామ తీసిన రెండు ముద్దలూ పెట్టాక ఇంకొక చిన్న ముక్క పెడితే సరిపోయింది. ఎనిమిది కిలోల ఆరు వందల గ్రాములు. మీ గడిలో రాసుకోండి. పేరు రాజేశ్వర్. మొక్కు తీరే దాకా రాయవద్దన్నారు కనుక ఇన్నాళ్ళూ రాయలేదు.

ఇక బండ్లు ఆపే మైదానంలో జరిగింది. నేను రాయకపోయినా మీకు తెలుసు, అయినా రాస్తాను.

మేము బండి ఎక్కబోతుంటే ఎదురుగా ఒక పాత పికప్ కదులుతోంది. పక్కన పెద్ద అక్షరాలతో 'నిశ్చింత, కరీంనగర్. సీటులో బిడ్డ, మనసులో నిశ్చింత' అని ఉంది. సంతోషంతో కొంగు సర్దుకున్నాను. మా సారు అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే స్టీరింగు పట్టుకొని నడుపుతున్నది నాలుగేళ్ళ పాప. ఆ పాప మీ ఒళ్ళో నిలబడి ఉంది.

నేను ముఖం తెలియని వాళ్ళతో మాట్లాడను కదా. కానీ బండి ముందుకు పోయి రెండు చేతులూ అడ్డం పెట్టాను. మీరు అద్దం దించి, "ఏందమ్మా, ఏమైంది" అన్నారు. "సార్, బెల్టు" అన్నాను. "గిది పార్కింగే గదమ్మా, నాలుగడుగులే గద" అన్నారు. ఉత్తరాలలో అంత పద్ధతిగా రాసే మీరు మాట్లాడితే అచ్చం మా మామలాగే ఉంది.

అప్పుడు మా అత్త వచ్చింది. బండి మీది అక్షరాలు నాతో చదివించుకుంది. "సీట్లు అమ్ముతవు, నీ బండ్లనే సీటు లేకపాయె సారూ?" అన్నది. మీ బండిలో వెనక మూడు సీట్లు డబ్బాలలోనే ఉన్నాయి. ఒకటి విప్పించింది. సీటు కింద మడిచి పెట్టిన బెల్టులు నేను బయటికి లాగాను. కాళ్ళు కడుక్కొని మోకాలు ఆనించాను. ఆమె ఊపి చూసి "అంగులం" అన్నది. అప్పుడు మీకు అర్థమై, నన్ను చూసి, "ఇచ్చోడ సీటా?" అన్నారు. నలభై ఏడో నంబరు అన్నాను.

సారూ, మీరు నాలుగు అడుగులే అన్నారు. ఘాట్‌లో మా బాబు నా చేతులలోంచి జారడానికి నాలుగు అడుగులు కూడా పట్టలేదు.

మనోరమమ్మ గారు దర్శనం వరుసలో ఉన్నారని, ఈ సంగతి ఆమెకు ఎన్నటికీ చెప్పనని మాట ఇవ్వమని మీరు నన్ను అడిగారు. ఇచ్చాను. నేను మాట తప్పే మనిషిని కాదు. ఆమెకు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఈ ఉత్తరం మీ ఒక్కరి పేరు మీదే, దుకాణం అడ్రసుకే రాస్తున్నాను.

సృజన పాపకు మా బాబు తరఫున ముద్దులు.

ఇట్లు,
తిరుమల.

తా.క.: మనోరమమ్మ గారూ, సారు పేరు మీద వచ్చిన ఉత్తరాలు కూడా ముందు మీరే తెరుస్తారని ఆయన మొదటి జవాబులోనే రాశారు. అది నాకు బాగా గుర్తుంది. దీనికి నంబరు వేయకండి, చీరల కింద కూడా పెట్టకండి. చదవడం అయ్యాక, సారు చూడక ముందే, కాల్చేయండి.